ఉద్యోగం చేస్తూనే చిన్న వెల్డింగ్ పని: మొదలుపెట్టే ముందు చూసుకోవాల్సిన లెక్కలు

నెల జీతం ఇరయ్యో తారీకుకే అయిపోతున్న ఇళ్లలో రెండో సంపాదన మాట రాక తప్పదు. చేతిలో వెల్డింగ్ పని ఉన్నవాళ్లకు ఆ దారి దగ్గరలోనే కనిపిస్తుంది. మన కుటుంబాల్లో ఈ పని తెలిసినవాళ్లు తక్కువేం కాదు. కొందరు సౌదీ, దుబాయ్, ఖతర్‌లలో ఫ్యాబ్రికేషన్ యార్డుల్లో చేసి వచ్చారు. కొందరు ఐటీఐలో నేర్చుకున్నారు. ఇంకొందరు చిన్నప్పుడు మామూ షాపులో నేర్చుకుని, తర్వాత డ్రైవర్‌గానో, ఎలక్ట్రీషియన్‌గానో, ఫ్యాక్టరీ షిఫ్టులోనో కుదురుకున్నారు.

ఇలా పక్కన పెట్టుకున్న పని దెబ్బతినేది చేతిలో పనితనం లేక కాదు, టైమును లెక్క కట్టకపోవడం వల్ల. రోజంతా షాపు తెరిచి ఉంచే మేస్త్రీకి రోజుకు పది గంటలు ఉంటాయి. ఉద్యోగస్తుడికి నాలుగు సాయంత్రాలు రెండేసి గంటలు, ఆదివారం ఎనిమిది గంటలు, అంటే వారం మొత్తానికి పదహారు గంటలే. ధర చెప్పినా, తేదీ చెప్పినా, మెషిన్ కొన్నా ఆ పదహారు గంటలు చూసుకునే చెప్పాలి, కొనాలి. కింద రాసినవన్నీ ఆ లెక్క మీదే నిలబడ్డాయి.

ముందు ఉద్యోగం సంగతి

జీతమే మీ అసలు పెట్టుబడి. పని రాని నెలలో ఇల్లు నడిపేది అదే. కాబట్టి మెషిన్ కంటే ముందు అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చదవండి. వేరే పని, వ్యాపారం చేయకూడదని అందులో ఉంటే హెచ్‌ఆర్ దగ్గర రాతపూర్వకంగా అనుమతి అడగండి. మీ కంపెనీ కూడా ఫ్యాబ్రికేషన్ చేసేదైతే, వాళ్ల గిరాకీల దగ్గర పని తీసుకోవద్దు. వాళ్ల రాడ్లు, వాళ్ల కటింగ్ వీల్స్ ఒక్కటి కూడా ఇంటికి రాకూడదు. అది ఉద్యోగానికే కాదు, సంపాదన హలాల్ కావడానికీ సంబంధించిన విషయం.

ప్రభుత్వ ఉద్యోగులకు ఈ దారి దాదాపు మూసి ఉన్నట్టే. ప్రవర్తన నియమాల ప్రకారం ముందస్తు అనుమతి లేకుండా వ్యాపారం చేయకూడదు. భార్య పేరు మీద పెడితే సరిపోతుందని కొందరు చెబుతారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల 1964 నియమాల్లో కుటుంబ సభ్యులు వ్యాపారం చేస్తున్నా ఆ సంగతి ప్రభుత్వానికి తెలియజేయాలని ఉంది. పేరు మార్చినంత మాత్రాన సమస్య పోదు.

ఇంకో మాట. ఉద్యోగంలో ఈఎస్‌ఐ ఉన్నా, సొంత పనిలో తగిలిన దెబ్బ ఉద్యోగ ప్రమాదం కిందకు రాదు. సాయంత్రం పనిలో వేలు తెగితే, ఉద్యోగ ప్రమాదానికి ఇచ్చే పరిహారం అడగలేరు.

ఏ పని తీసుకోవాలి, ఏది వదిలేయాలి

గల్ఫ్‌లో పైపులైన్ వెల్డింగ్ చేసి, 6జీ టెస్టు పాసై వచ్చినవాళ్లకు జాయింటు వేయడంలో తిరుగుండదు. కానీ అక్కడ కొలత ఇచ్చేది ఒకరు, కట్ చేసేది ఒకరు, ఫిట్టింగ్ చేసేది ఇంకొకరు. ఇక్కడ కిటికీ గ్రిల్ పనిలో కొలత తీయడం, ఇనుము కొనడం, మూలమట్టం చూసి ఫ్రేము కట్టడం, గోడకు బిగించడం, డబ్బు వసూలు చేయడం అన్నీ ఒక్కరే. వెల్డింగ్ అందులో మూడో వంతు కూడా ఉండదు. అందుకే మొదటి రెండు మూడు పనులు తెలిసిన షాపులో మేస్త్రీ పక్కన నిలబడి చేయడం మంచిది.

కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఐటీఐలో వెల్డర్ ట్రేడు ఒక ఏడాది కోర్సు, ఎనిమిదో తరగతి పాసైతే చాలు. పని వచ్చి సర్టిఫికెట్ లేనివాళ్లు, ఉన్న నైపుణ్యాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌పీఎల్ పద్ధతి గురించి దగ్గరలోని శిక్షణ కేంద్రంలో అడగొచ్చు.

ఉద్యోగం పక్కన చేసేవాళ్లకు సరిపడేవి: కిటికీ గ్రిల్స్, బాల్కనీ రేలింగ్, మెట్ల రేలింగ్, చిన్న గేట్లు, కూలర్ స్టాండ్లు, వాటర్ ట్యాంక్ స్టాండ్లు, దుకాణాల ర్యాకులు, కిచెన్ స్టాండ్లు. ఇంటి దగ్గర లేదా షాపులో చాలావరకు తయారు చేసుకుని, ఒక్క ఆదివారంలో బిగించి రాగలిగే పనులు ఇవి.

వదిలేయాల్సినవి: పెద్ద షెడ్లు, ఎత్తు మీద పని, లిఫ్టు పని, బరువు మోసే బీములు, స్కూలు బస్సు సీట్ల కింద రిపేర్లు. ఇవి తప్పితే ప్రాణాల మీదకు వస్తుంది, పైగా ఆదివారంతో పూర్తి కావు. షట్టర్ రిపేరు కూడా ఆలోచించే తీసుకోవాలి. పగలు పదకొండింటికి షట్టర్ ఇరుక్కుందని దుకాణదారు ఫోన్ చేస్తే మీరు డ్యూటీలో ఉంటారు.

జాగా, కరెంటు

మొదటి ఆరు నెలలకు షాపు అద్దెకు తీసుకోవద్దు. అద్దె ముప్పై రోజులకు కట్టాలి, మీరు వాడేది ఎనిమిది తొమ్మిది రోజులకు సరిపడా టైము. దీనికంటే తెలిసిన మేస్త్రీ షాపులో, ఆయన పని ముగించాక సాయంత్రాలు, ఆదివారాలు వాడుకుని గంటకు ఇంతని ఇవ్వడం మేలు. అక్కడ కరెంటు కనెక్షన్ సరైనది ఉంటుంది, బెంచ్ ఉంటుంది, చప్పుడుకు చుట్టుపక్కలవాళ్లు అలవాటు పడి ఉంటారు.

ఇంటి మీదే చేద్దామనుకునేవాళ్లు కరెంటు సంగతి గట్టిగా చూసుకోవాలి. 90 ఆంపియర్ల మీద వెల్డింగ్ చేస్తే ఇన్వర్టర్ మెషిన్ లాగేది సుమారు రెండున్నర కిలోవాట్లు. ఇంటి కనెక్షన్‌కు మంజూరైన లోడు ఒకటి రెండు కిలోవాట్లే ఉన్న ఇళ్లు ఎన్నో. పాత వైరింగ్ వేడెక్కుతుంది, పక్కింటి లైట్లు మినుక్కుమంటాయి. లోడు కంటే పెద్ద సమస్య ఇంకోటి ఉంది. ఇంటి టారిఫ్ మీద వ్యాపారం చేయడం 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అనధికార వినియోగం. తనిఖీలో తేలితే వర్తించే టారిఫ్‌కు రెట్టింపు లెక్కన బిల్లు వేస్తారు. డిస్కం ఆఫీసులో అడిగి వేరే మీటరు తీసుకోవడమే దారి. మున్సిపాలిటీ లేదా పంచాయతీ ట్రేడ్ లైసెన్సు కూడా చూసుకోవాలి.

గ్రైండర్ చప్పుడు రాత్రి తొమ్మిది దాటాక వద్దు. పక్కింట్లో పరీక్షలకు చదివే పిల్లలు, జబ్బుతో ఉన్న పెద్దవాళ్లు ఉంటారు. పొరుగువారి హక్కు సంగతి మన ఇళ్లలో కొత్తగా చెప్పాల్సిన పని లేదు.

సామాన్లు: ఎంతవరకు కొనాలి

గ్రిల్స్, గేట్ల పనికి 200 ఆంపియర్ల సింగిల్ ఫేజ్ ఇన్వర్టర్ మెషిన్ సరిపోతుంది. కొనేటప్పుడు ఆంపియర్లతో పాటు డ్యూటీ సైకిల్ చూడండి. 60 శాతం అంటే పది నిమిషాల్లో ఆరు నిమిషాలు వెల్డింగ్, నాలుగు నిమిషాలు విశ్రాంతి. మన ఎండాకాలంలో ఆ విశ్రాంతి ఇవ్వకపోతే మెషిన్ కాలిపోతుంది. సర్వీసు సెంటర్ మీ ఊళ్లో ఉందో లేదో అడగండి. మిషనరీ, హార్డ్‌వేర్ కొనడానికి హైదరాబాద్‌వాళ్లకు రాణిగంజ్, విజయవాడవాళ్లకు ఆటోనగర్ తెలిసిన చోట్లే.

మెషిన్ కాకుండా నాలుగంగుళాల గ్రైండర్, డ్రిల్లు, బెంచ్ వైస్, నాలుగు సి క్లాంపులు, మూలమట్టం, రసమట్టం, టేపు, చిప్పింగ్ సుత్తి, వైర్ బ్రష్, మంచి హెల్మెట్, తోలు గ్లౌజులు చాలు. కటాఫ్ మెషిన్, బెండింగ్ మెషిన్, కంప్రెసర్ ఇప్పుడే వద్దు. ఇనుము కొన్న చోటే సైజుకు కట్ చేయించుకుంటే మీ గంటలు మిగులుతాయి.

రాడ్ల విషయానికొస్తే, మామూలు ఎం.ఎస్. పనికి 6013 రకం. రెండున్నర మిల్లీమీటర్ల రాడ్డుకు 60 నుంచి 90 ఆంపియర్లు, 3.15 రాడ్డుకు 90 నుంచి 130 ఆంపియర్లు. పల్చటి పైపు మీద 3.15 వాడితే బొక్క పడుతుంది. వానాకాలంలో రాడ్ల పెట్టె మూత గట్టిగా పెట్టి ఉంచాలి. తేమ పట్టిన రాడ్డు చిటపటలాడుతుంది, జాయింటులో చిన్న చిన్న రంధ్రాలు వస్తాయి.

ధర ఎలా కట్టాలి

బజారులో కిలో లెక్కన రేటు చెబుతారు. దానికి ముందు మీకు బరువు లెక్క రావాలి. పట్టీకైనా, స్క్వేర్ రాడ్‌కైనా వెడల్పు, మందం రెండూ మిల్లీమీటర్లలో గుణించి, దాన్ని 0.00785తో గుణిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. గుండ్రటి రాడ్‌కు మందాన్ని మందంతోనే గుణించి 162తో భాగించాలి. ఉదాహరణకు 25×5 పట్టీ మీటరు బరువు 0.98 కిలోలు, 10 ఎంఎం స్క్వేర్ రాడ్ 0.785 కిలోలు, 12 ఎంఎం గుండ్రటి రాడ్ 0.89 కిలోలు.

ఇప్పుడు నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ఉన్న ఒక కిటికీ గ్రిల్ చూద్దాం. నాలుగడుగులంటే 1.22 మీటర్లు. చుట్టూ ఫ్రేముకు 25×5 పట్టీ 4.9 మీటర్లు, అంటే 4.8 కిలోలు. నాలుగంగుళాలకు ఒకటి చొప్పున 10 ఎంఎం స్క్వేర్ రాడ్లు పదకొండు, అంటే 10.5 కిలోలు. నిలువుగా 20×5 పట్టీలు రెండు, 1.9 కిలోలు. మొత్తం 17.2, వేస్టేజీ కలిపి 18 కిలోలు.

ఇనుము కిలో 65 రూపాయలని, మీ ఏరియాలో గ్రిల్ రేటు కిలో 110 అని లెక్క కోసం అనుకుందాం. మీ బజారు రేట్లు వేసుకుని ఇదే లెక్క మళ్లీ చేయండి. ఇనుముకు 1,170. రాడ్లు, కటింగ్ వీల్, కరెంటు, రెడ్ ఆక్సైడ్‌కు 150. ఆటోకు 200. ఖర్చు మొత్తం 1,520. గిరాకీ ఇచ్చేది 1,980. చేతిలో మిగిలేది 460.

టైము చూడండి. కొలతకు వెళ్లి రావడం ఒక గంట, ఇనుము కొనడం ఒక గంట, కటింగ్ ఒక గంట, వెల్డింగ్ రెండు గంటలు, గ్రైండింగ్, రంగు ఒక గంట, బిగింపు గంటన్నర. మొత్తం ఏడున్నర గంటలు. అంటే గంటకు 61 రూపాయలు పడింది. ఇంకా మెషిన్ అరుగుదల లెక్క వేయలేదు.

అదే ఇంట్లో నాలుగు గ్రిల్స్ అయితే బరువు 72 కిలోలు, వచ్చేది 7,920. ఇనుముకు 4,680, రాడ్లు వగైరా 550, ఆటో ట్రాలీకి 300, మొత్తం ఖర్చు 5,530. మిగిలేది 2,390. కొలతకు, కొనడానికి, రవాణాకు తిరిగేది ఒక్కసారే కాబట్టి టైము ముప్పై గంటలు కాకుండా పంతొమ్మిది గంటల్లో అయిపోతుంది. గంటకు 126 రూపాయలు. రేటు అదే, ఇనుము అదే, మీ గంట విలువ రెట్టింపు అయింది.

దీన్నిబట్టి రెండు సంగతులు తెలుస్తాయి. ఒక్క గ్రిల్, ఒక్క స్టాండు లాంటి చిన్న పనులకు కిలో రేటు చెప్పకూడదు, కనీస చార్జీ ఇంత అని పెట్టుకోవాలి. ఒకే ఇంట్లో, ఒకే వీధిలో పనులు కలిపి తీసుకుంటేనే మీ పదహారు గంటలకు విలువ. వారంలో ఊరి నాలుగు మూలల నుంచి నాలుగు పనులు పట్టుకుంటే సగం టైము బండి మీదే పోతుంది.

బయానా, తేదీ, కాగితం

ఇనుము ఖర్చు మొత్తం బయానాగా ముందే తీసుకోండి. మీ జీతం డబ్బు గిరాకీ ఇంటి కిటికీలో ఇరుక్కోకూడదు. మిగతాది బిగించిన రోజే.

కొటేషన్ ఒక కాగితం మీద రాసి, ఫోటో తీసి వాట్సాప్‌లో పంపండి. అందులో కొలత, ఇనుము సైజు, పైపు అయితే గేజ్, రంగు ఎన్ని కోట్లు, గోడ రంధ్రాలు పూడ్చేది ఎవరు, ఎప్పటికి ఇస్తారు అన్నీ ఉండాలి. గేజ్ దగ్గరే మోసాలు ఎక్కువ. 16 గేజ్ అంటే సుమారు 1.6 మిల్లీమీటర్లు, 18 గేజ్ అంటే 1.2. రంగు వేశాక చూడటానికి రెండూ ఒకటే, బరువులో పావు వంతు తేడా. చెప్పిన గేజ్ కాకుండా పల్చటిది వేయడం తూకంలో మోసం చేసినట్టే. తూకం తగ్గించేవాళ్ల గురించి ఖురాన్‌లో ఒక సూరానే ఉంది, దాని పేరే అల్ ముతఫ్ఫిఫీన్.

తేదీ చెప్పేటప్పుడు నాలుగు గ్రిల్స్ పంతొమ్మిది గంటలు, వారానికి పదహారు గంటలు అని లెక్క వేస్తే వారం దాటుతుంది. మీరు రెండు వారాలు చెప్పండి. షిఫ్టు మారొచ్చు, వాన రావచ్చు, చుట్టాల దావత్ రావచ్చు. గిరాకీ అడిగాడని వారంలో ఇస్తానని ఒప్పుకుని, ఇచ్చిన వాదా తప్పితే ఆ వీధిలో మళ్లీ పని దొరకదు. రంజాన్ నెలలో రోజా ఉండి, తరావీహ్ తర్వాత మెషిన్ ముందు కూర్చోవడం ఒంటికి మంచిది కాదు, నిద్రమత్తులో ప్రమాదం కూడా. ఈద్‌కు ముందు ఇవ్వాల్సిన పనులు షాబాన్‌లోనే ముగించేలా తీసుకోండి.

చుట్టాల పని, మసీదు పని వచ్చినప్పుడు మొహమాటం అడ్డొస్తుంది. మసీదు వజూఖానాకు రేలింగ్, ఖబరస్తాన్‌కు గేటు లాంటివి సవాబ్ కోసం చేయాలనుకుంటే కూలీ వదిలేయండి, కానీ ఇనుము ఖర్చు కమిటీ దగ్గర ముందే తీసుకుని బిల్లు చూపించండి. సదఖా ఎంత, కూలీ ఎంత అనేది మొదట్లోనే తేలిపోతే ఎవరి మనసులోనూ ఏమీ మిగలదు.

పెట్టుబడి వడ్డీ లేకుండా

మెషిన్, గ్రైండర్, చిన్న సామాన్లు ఒకేసారి కొనక్కర్లేదు. మొదటి పనికి మెషిన్ అద్దెకు తెచ్చుకోవచ్చు, రెండో పని డబ్బుతో గ్రైండర్, నాలుగో పని డబ్బుతో మెషిన్ కొనొచ్చు. ఇన్వర్టర్ మెషిన్ ఒక మామూలు స్మార్ట్‌ఫోన్ ధరకు అటూ ఇటూగా ఉంటుంది. దీనికోసం వడ్డీ అప్పు జోలికి వెళ్లాల్సిన అవసరం లేదు. వారం వారం కిస్తీ కట్టే ఫైనాన్స్‌లు అసలే వద్దు. పని నెలకోసారి డబ్బు ఇస్తుంది, కిస్తీ ప్రతి వారం అడుగుతుంది.

ఇంట్లోవాళ్ల దగ్గర కర్జ్ ఎ హసనా తీసుకుంటే మొత్తం, తిరిగిచ్చే తేదీ, సాక్షులతో రాసుకోండి. అప్పు రాసుకోవాలన్న మాట సూరా బఖరా 282వ ఆయత్‌లోనే ఉంది. సొంత తమ్ముడి దగ్గరైనా రాసుకోవడం అనుమానించడం కాదు. బావ డబ్బు పెట్టి, మీరు పని చేసేటట్టయితే అది ముజారబా అవుతుంది. లాభంలో ఇంత వంతు అని ముందే అనుకోవాలి. నెలకు ఇంత అని ఖాయంగా ఇస్తే అది వడ్డీ అయిపోతుంది. నష్టం వస్తే డబ్బు నష్టం పెట్టుబడి పెట్టినవాళ్లది, మీ కష్టం పోయింది మీది, మీ నిర్లక్ష్యం లేనంతవరకు.

జకాత్ లెక్కలో మెషిన్, గ్రైండర్ లాంటి పనిముట్లు రావు. అమ్మడానికి ఉంచిన సరుకు, చేతిలో నగదు, గిరాకీల దగ్గర రావాల్సిన బాకీ లెక్కలోకి వస్తాయి. మీ పరిస్థితికి తగ్గ వివరం ముఫ్తీ సాబ్‌ను అడిగి తెలుసుకోండి.

రిజిస్ట్రేషన్, పన్ను

ఉద్యం రిజిస్ట్రేషన్ ఆధార్‌తో ఆన్‌లైన్‌లో ఉచితంగా జరుగుతుంది. డబ్బు అడిగే ఏజెంట్ల దగ్గరకు వెళ్లొద్దు. ఏడాది టర్నోవర్ 20 లక్షల లోపు ఉండి, రాష్ట్రం లోపలే పని చేస్తుంటే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఇన్‌కం ట్యాక్స్‌లో మాత్రం జీతంతో పాటు ఈ ఆదాయం చూపించాలి. జీతం మాత్రమే ఉన్నవాళ్లు వేసే ఐటీఆర్ 1 ఇక పనికిరాదు. చిన్న వ్యాపారులకు వచ్చిన మొత్తంలో 8 శాతం, బ్యాంకు లేదా యూపీఐ ద్వారా వచ్చినదానిలో 6 శాతం లాభంగా చూపించే పద్ధతి ఉంది, దానికి ఐటీఆర్ 4. అసలు లాభం అంతకంటే ఎక్కువైతే ఎక్కువే చూపించాలి. పనికి వేరే బ్యాంకు ఖాతా పెట్టుకుంటే లెక్క తేలిక.

కళ్లు, ఊపిరి, నిప్పు

వెల్డింగ్ వెలుగు కళ్లకు తగిలితే నొప్పి అప్పుడే రాదు. కొన్ని గంటల తర్వాత, సాధారణంగా అర్ధరాత్రి, కళ్లలో ఇసుక పోసినట్టు మండుతుంది. ఆలూ ముక్కలు, పాల చుక్కలు వేయడం ఇళ్లలో చేస్తుంటారు. వేయొద్దు, కంటి డాక్టరు దగ్గరకు వెళ్లండి. మెడికల్ షాపులో తిమ్మిరి చుక్కలు కొని మళ్లీ మళ్లీ వేసుకుంటే నల్లగుడ్డు మీది పొర దెబ్బతింటుంది. గ్రిల్ పనికి 10 లేదా 11 నంబరు అద్దం ఉన్న హెల్మెట్ ఉండాలి, నల్ల కళ్లద్దాలు సరిపోవు. ఇంటి దగ్గర చేస్తుంటే పిల్లలు చూడకుండా అడ్డు తెర కట్టండి. వాళ్ల కళ్లకు హెల్మెట్ లేదు.

జీఐ పైపు మీద వెల్డింగ్ చేస్తే జింకు పొగ వస్తుంది. ఆ రాత్రి చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తాయి. ముందు పాలు తాగితే ఏమీ కాదన్న నమ్మకం తప్పు. జాయింటు దగ్గర జింకు పూత గ్రైండ్ చేసి తీసేయడం, గాలి ఆడే చోట కూర్చోవడం, పొగకు పనికొచ్చే మాస్కు పెట్టుకోవడం, ఇవే దారులు. ముఖానికి కట్టుకున్న రుమాలు పొగను ఆపదు.

ఖాళీ డ్రమ్ము, పెట్రోలు ట్యాంకు మీద వెల్డింగ్ ఎంత డబ్బిచ్చినా ఒప్పుకోవద్దు. ఖాళీగా కనిపించినా లోపలి ఆవిరి పేలుతుంది. నిప్పురవ్వలు పది మీటర్ల దాకా ఎగరగలవు. గిరాకీ ఇంట్లో బిగించేటప్పుడు పరుపులు, కర్టెన్లు, గ్యాస్ సిలిండర్ దూరంగా పెట్టించి, నీళ్ల బకెట్ పక్కన ఉంచుకోండి. పని అయ్యాక అరగంట ఆగి, ఎక్కడా పొగ లేదని చూసే బయల్దేరండి. తడి నేల మీద, తడి గ్లౌజులతో పని వద్దు. బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. గ్రైండర్ గార్డు తీసేసి వాడొద్దు. సాయానికి పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలను పెట్టుకోవద్దు, సొంత కొడుకైనా సరే.

ఇంట్లోవాళ్ల వాటా

మీరు డ్యూటీలో ఉండగా వచ్చే ఫోన్లు ఎవరు ఎత్తాలి, బయానా ఎవరు రాసుకోవాలి అనేది ముందే అనుకోండి. చాలా ఇళ్లలో భార్య లేదా చెల్లెలు ఈ పని చక్కగా చేయగలరు. ఒక నోటు పుస్తకంలో ప్రతి పనికి ఒక పేజీ ఉంటే చాలు. వచ్చిన డబ్బు, ఇనుము ఖర్చు, పట్టిన గంటలు, మిగిలింది. ఆ పుస్తకం రాసినవాళ్లకు మిగిలినదాంట్లో వాటా కూడా ఇవ్వండి.

పని బాగా నడుస్తోందని ఉద్యోగం వదిలేయాలని అనిపించే రోజు వస్తుంది. అప్పుడు ఆ పుస్తకం తీసి పన్నెండు నెలలు చూడండి, పెళ్లిళ్ల సీజన్ మూడు నెలలు కాదు. వానాకాలం, రంజాన్ కలిపి, ఖర్చులు పోగా నెలకు సగటున మిగిలింది మీ జీతంతో, పీఎఫ్‌తో సమానంగా ఉందా? టైము లేక ప్రతి నెలా పనులు తిప్పి పంపుతున్నారా? ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన ఉందా? మూడింటికీ అవునని పుస్తకం చెబితే ఆలోచించండి. ఒక్కదానికి కాదన్నా ఇంకో ఏడాది జీతం, సాయంత్రం పని రెండూ నడపడమే ఇంటికి మంచిది.